గేరుబాక్సుకీ జ్వరం వస్తుంది

పోయిన నెల ఈ కాలమ్‌లో మా పెరటి గోంగూర గురించి రాస్తూ, కుండీలకి మట్టి మా ట్రక్కులో వేసుకొచ్చానని ఒక ముక్క అన్నాను. గోంగూర సంగతి ఎవరికీ పట్టలేదు. "మీకు ట్రక్కు ఎందుకండీ?" అని మాత్రం నలుగురైదుగురు అడిగారు. మా ఆవిడ పదేళ్లుగా అడుగుతున్న ప్రశ్నే అది. ఆవిడకి చెప్పని జవాబు మీకు చెప్తాను. ఈ వారం ఆ బండి కథే.

అమెరికాలో ట్రక్కు అంటే మన లారీ అనుకునేరు. కాదు. ముందు కారులాగా నలుగురైదుగురు కూర్చునే చోటు, వెనక పైకప్పులేని తొట్టి. పికప్ అంటారు. దక్షిణ కాలిఫోర్నియాలో మా ఆఫీసు పార్కింగులో నిలబెడితే, చుట్టూ ఉన్న బుల్లి ఎలక్ట్రిక్ కార్ల మధ్య మాది పెళ్లిలో ఎడ్లబండిలా ఉంటుంది. కొన్నది సెకండ్‌హ్యాండులో. 2006 మోడల్, వి8 ఇంజను, నాలుగు గేర్ల ఆటోమేటిక్. ఎందుకు కొన్నావంటే, మా నాన్న బెజవాడలో 22 ఏళ్లు సొంత లారీ తిప్పారు. ఆటోనగర్‌లో బాడీ కట్టిస్తుంటే ఆ రంపప్పొట్టులో కూర్చుని హోమ్‌వర్కు చేసుకున్నవాణ్ణి నేను. వెనక తొట్టి లేని బండి నాకు బండిలా అనిపించదు. ఇంతకంటే సరైన కారణం నా దగ్గర లేదు.

మా బాబాయి కొడుక్కి లాస్‌వేగస్‌లో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. సామాను తీసుకెళ్లే కంపెనీ వాళ్లు చెప్పిన రేటు విని వాడు నోరెళ్లబెట్టాడు. "అన్నయ్యా, నీ బండికి వెనక హుక్కు ఉంది కదా?" అన్నాడు. ఉంది. పాత ఓనరు బిగించుకున్నది. తెలిసిన స్నేహితుడి దగ్గర పెట్టెలాంటి ట్రైలర్ ఒకటి అరువు తెచ్చాం. మంచాలు, ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, గ్రైండరు, పుస్తకాల పెట్టెలు, అన్నీ ఎక్కించాం. అంతా కలిపి 5,000 పౌండ్లు, అంటే రెండు టన్నుల పైమాట. బండి అంతకంటే ఎక్కువే లాగగలదని ఓనర్స్ మాన్యువల్‌లో ఉంది. ఆ లైను కింద చిన్న అక్షరాల్లో ఇంకేదో ఉంది. అది నేను చదవలేదు.

జూలై నెల. శనివారం పొద్దున్నే బయల్దేరాలనుకుని, మనవాళ్ల పద్ధతిలో పదకొండుకి బయల్దేరాం. తమ్ముడూ వాడి భార్యా కారులో ముందు. నేనూ మా ఆవిడా, ఏడేళ్ల మా అమ్మాయీ ట్రక్కులో వెనక. వేగస్‌కి వెళ్లే 15వ నంబరు హైవే మీద సగం దారి దాటాక బేకర్ అని ఒక చిన్న ఊరొస్తుంది. ఊరంటే నాలుగు పెట్రోలు బంకులు, నాలుగు తిండి దుకాణాలు, వాటి మధ్యన ఒక థర్మామీటరు. నిజంగానే థర్మామీటరు. 134 అడుగుల ఎత్తు! ప్రపంచంలో ఇదే పెద్దదంటారు. అంత ఎత్తే ఎందుకంటే, అక్కడికి దగ్గర్లోనే ఉన్న డెత్ వ్యాలీలో 1913 జూలైలో 134 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. మన లెక్కలో దాదాపు 57 సెల్సియస్. డిగ్రీకి ఒక అడుగన్నమాట. మేము వెళ్లినప్పుడు దాని మీద 108 వెలుగుతోంది. 42 సెల్సియస్. రోహిణి కార్తెలో బెజవాడ చూసినవాడికి అదొక లెక్కా అనుకున్నాను.

బేకర్ సముద్రమట్టానికి వెయ్యి అడుగుల లోపే ఉంటుంది. అది దాటగానే రోడ్డు ఎక్కడం మొదలుపెడుతుంది. దాదాపు 17 మైళ్లలో నాలుగు వేల అడుగుల ఎత్తుకి చేరుతుంది. చూస్తే ఎక్కుతున్నట్టే ఉండదు, అదే దాని మోసం. శ్రీశైలం ఘాట్‌లో అయితే మలుపు మలుపుకీ కొండ కనిపించి భయపెడుతుంది. ఇక్కడ ఎడారి మధ్య తిన్నని రోడ్డు, కళ్లకి చదునుగానే ఉంటుంది. పక్కన మాత్రం బోర్డు ఉంటుంది: బండి వేడెక్కకుండా ఏసీ ఆపేయండి, ఇన్ని మైళ్లు, అని. నేను ఆపాను. అదొక్కటీ సరిగ్గానే చేశాను.

సగం ఎక్కాక బండి ఒక గేరులో కుదురుగా ఉండటం మానేసింది. నాలుగులోంచి మూడుకి, మూడులోంచి నాలుక్కి, మళ్లీ మూడుకి. ప్రతి నిమిషం చిన్న కుదుపు. నాకు అది అర్థం కాలేదు. లారీ అయితే చేతిలో గేరు రాడ్డు ఉంటుంది, కాలి కింద క్లచ్చు ఉంటుంది, బండి మొరాయిస్తే మనకే తెలుస్తుంది. ఆటోమేటిక్ నడిపీ నడిపీ నాకు గేర్లనేవి ఉన్నాయన్న సంగతే మర్చిపోయింది. గేరు రాడ్డు కొసన ట్రైలర్ బొమ్మతో ఒక బటన్ ఉండేది. బరువు లాగేటప్పుడు అది నొక్కాలి, నొక్కితే ఊరికే పై గేరుకి పోకుండా ఆగుతుంది. మూడేళ్లలో ఒక్కసారి కూడా నొక్కలేదు.

తర్వాత ఇంజను శబ్దం పెరిగింది, వేగం తగ్గింది. కాలు ఎంత తొక్కితే అంత అరుపే గానీ బండి కదలదు. "ఏదో మాడుతోంది నాన్నా" అంది వెనక నుంచి మా అమ్మాయి. పెనం మీద అట్టు మరిచిపోతే వచ్చే వాసన, దానికి తోడు ఇంకేదో ఘాటు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగేసరికి పక్కకి తీశాను. మళ్లీ డ్రైవ్‌లో వేస్తే బండి ఒక్క అంగుళం కదల్లేదు.

ఆ రోడ్డు పక్కన గంటా నలభై నిమిషాలు ఉన్నాం. తమ్ముడు ముందున్న ఎగ్జిట్ దాకా పోయి, తిరిగి బేకర్ దాకా వచ్చి, మళ్లీ ఎక్కి రావాలి కదా. పెద్ద పెద్ద లారీలు పక్క నుంచి పోతుంటే మా బండి ఊగిపోయేది. రోడ్డుకి దూరంగా ట్రైలర్ నీడలో మా ఆవిడ పిల్లని చుట్టుకుని కూర్చుంది. నా మీద కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పిల్ల ముఖం కందిపోయి, అడిగిన ప్రతిసారీ "నీళ్లు వద్దు" అంటుంటే నాకు కాళ్లు ఆడలేదు. వాళ్లని తమ్ముడి కారులో ఎక్కించి పంపాకే టో కంపెనీకి గట్టిగా మాట్లాడగలిగాను.

ట్రక్కుని బార్‌స్టోకి ఈడ్చుకెళ్లారు. ట్రైలర్‌కి ఇంకో బండి. సోమవారం అక్కడి మెకానిక్ గేరుబాక్సు కింద తట్ట విప్పి, నా చేత వేలు ముంచి చూడమన్నాడు. కొత్త ట్రాన్స్‌మిషన్ ఆయిల్ దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. నాది రెండోసారి దింపిన కాఫీ డికాషన్‌లా ఉంది. అడుగున నల్లటి ముద్ద. "ఇది ఆయిల్ కాదు, నీ క్లచ్ ప్లేట్లే" అన్నాడు. మొత్తం విప్పి మళ్లీ కట్టడానికి 3,400 డాలర్లు. టో బండ్లు, మోటెలు, పోను రాను ఖర్చులు కలిపితే 4,600 పైన తేలింది. ఆ డబ్బు సంక్రాంతికి ముగ్గురం బెజవాడ వెళ్లడానికి దాచిన టిక్కెట్ల డబ్బు.

ఆ సంక్రాంతికి నాన్న లారీ అమ్మేశారు. ముందే చెప్పారు, నువ్వొచ్చాక ఒకసారి మచిలీపట్నం దాకా తిప్పి, తర్వాత బేరం తేల్చేస్తానని. నేను వెళ్లలేదు. కొనుక్కున్నవాడు కనుమ మర్నాడు వచ్చి తోలుకెళ్లాడు.

ఇక అసలు విషయంలోకి వస్తాను. ఆటోమేటిక్ గేరుబాక్సు ఎందుకు మాడుతుంది?

రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదాన్ని వేయండి. ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. ఇంజనుకీ గేర్లకీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ పని ఇలాంటిదే, కాకపోతే గాలికి బదులు ఆయిల్. ఇంజను వైపు ఫ్యాను ఆయిల్‌ని విసురుతుంది, గేర్ల వైపు ఫ్యాను ఆ తోపుకి తిరుగుతుంది. రెండూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరగవు, కొంత జారుతుంది. ఆ జారుడే వేడి. మిక్సీలో పచ్చడి మరీ ఎక్కువసేపు తిప్పితే జారు వేడెక్కదూ? పొయ్యి లేదు, మంట లేదు, తిప్పుడుకే. చదును రోడ్డు మీద వేగం అందుకున్నాక లోపల ఒక క్లచ్ పడి ఈ రెండు ఫ్యాన్లనీ కలిపి బిగించేస్తుంది కాబట్టి జారుడు ఉండదు. వెనక రెండు టన్నులు తగిలించుకుని, ఎండలో, ఎగువకి, గేర్లు మారుస్తూ పోతే ఆ బిగింపు మాటిమాటికీ వదులుతుంది. నేను చేసింది అదే.

ఆ ఆయిల్‌ని చల్లార్చడానికి కంపెనీ ఏర్పాటు ఒకటి ఉంటుంది. చాలా బండ్లలో గేరుబాక్సు నుంచి రెండు సన్నటి పైపులు ముందుకొచ్చి రేడియేటర్ పక్క తొట్టిలోకి వెళ్తాయి. ఆ తొట్టిలో, ఇంజను కూలెంట్ మధ్యన మునిగి చిన్న గొట్టం ఉంటుంది. ఆయిల్ అందులోంచి పోతూ తన వేడిని కూలెంట్‌కి ఇచ్చి తిరిగి వెళ్తుంది. ఊళ్లో తిరగడానికి ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది. కానీ ఒక్కటి ఆలోచించండి. వేడివేడి పాల గ్లాసుని గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెడితే పాలు గోరువెచ్చన దాకానే చల్లారతాయి, అంతకంటే కిందికి రావు. ఇంజను కూలెంటే 200 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది. ఎండలో కొండెక్కేటప్పుడు అంతకంటే ఎక్కువ. ఆ గిన్నెలో ఎంతసేపు పెట్టినా ఆయిల్ దాని కిందికి దిగదు.

అందుకే బరువు లాగే బండ్లకి ఇంకో కూలర్. రేడియేటర్ ముందు, గ్రిల్లు వెనక, గాలి నేరుగా తగిలేలా పెట్టే చిన్న జాలీ. పాల గ్లాసుని గిన్నెలోంచి తీసి తిరగపోసి చల్లార్చడం లాంటిది. ఫ్యాక్టరీలోనే "టోయింగ్ ప్యాకేజీ" కింద ఆర్డరు ఇచ్చిన బండికి హుక్కు, వైరింగు, ఈ కూలరు కలిపి వస్తాయి. మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉన్నది ఇదే: ఆ బరువు లాగాలంటే ఆ ప్యాకేజీ ఉండాలి. నా బండికి పాత ఓనరు హుక్కు ఒక్కటే బయట బిగించుకున్నాడు. హుక్కు ఉంది కదా, లాగుతుంది అనుకున్నాను. మెడలో తాళి ఉంటే చాలు, కాపురం అదే నడుస్తుంది అనుకున్నట్టు! సెకండ్‌హ్యాండు పికప్ కొనే మన కుర్రాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. కొనేముందు గ్రిల్లులోంచి టార్చి వేసి చూడండి. ఏసీ కండెన్సర్ ముందు ఇంకో చిన్న జాలీ, దానికి రెండు పైపులు కనిపిస్తే అది గేరుబాక్సుదా కాదా అని అడగండి. వెనక హుక్కు చూసి మురిసిపోవద్దు.

కొత్తగా కట్టిన గేరుబాక్సుతో ఇంటికొచ్చాక కూలర్ పెట్టిద్దామని మా పక్కింటి పెద్దాయనకి చెప్పాను. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది, ఆయన 30 ఏళ్లు డీజిల్ బండ్ల మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. "పెట్టిద్దాం అంటావేం, పెడదాం" అన్నారు. "కానీ ముందు కూలర్ కాదు. ముందు గేజీ."

ఎందుకంటే నా బండికి ఇంజను వేడి చూపించే ముల్లు ఉంది గానీ గేరుబాక్సుకి లేదు. దీపం ఒక్కటే. దీపం వెలిగేసరికి వంటిల్లు కాలిపోయినట్టే. జ్వరం ఎంతుందో చూడకుండా మందు వేస్తే, మందు పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? గేరుబాక్సులోంచి ఆయిల్ బయటికొచ్చే పైపుకి సెన్సరు కట్టి, స్టీరింగు పక్కన ముల్లు బిగించాం. మళ్లీ అదే ట్రైలర్ అరువు తెచ్చాం. ఇసక బస్తాలు నింపాం, ఈసారి 3,000 పౌండ్లే. ఒక ఆదివారం తెల్లారేముందు, చల్లటి వేళ, శాన్‌బెర్నార్డినో వైపు నుంచి కహోన్ పాస్ ఎక్కాం. నాలుగు వేల అడుగులు దాటే కనుమ అది. ఈసారి బటన్ నొక్కాను, మెల్లగా పోయాను. అయినా పైకి చేరేసరికి ముల్లు 228 దగ్గరుంది. పెద్దాయన ఏమీ అనలేదు. జేబులోంచి చీటీ తీసి రాసుకున్నారు.

ఆయిల్‌కి 175 నుంచి 200 లోపు ఉంటే సుఖం. అక్కడి నుంచి పైకి ప్రతి 20 డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కులు చెప్పే మోటు లెక్క ఒకటుంది. 240 దాటితే ఆయిల్ జిగురెక్కి లోపలి వాల్వులకి పూతలా పడుతుంది. ఇంకా పెరిగితే రబ్బరు సీళ్లు గట్టిబడతాయి, ఆపైన ప్లేట్లు జారతాయి. జారితే ఇంకా వేడి. వేడెక్కితే ఇంకా జారుడు. చల్లటి పొద్దున 228 అంటే, ఆ జూలై మధ్యాహ్నం బేకర్ పైన ఎంతుండేదో లెక్క వేసుకోవాలనిపించలేదు.

కూలర్లలో మూడు రకాలు. వంకీలు తిరిగిన ఒకే గొట్టానికి రేకులు తొడిగినది చవక. అంతకంటే మెరుగు పలకలూ రేకులూ కలిపినది. పలకలు దొంతరగా పేర్చినది అన్నిటికంటే బాగా చల్లారుస్తుంది, చోటూ తక్కువ పడుతుంది. నేను మూడో రకమే కొన్నాను, 90 డాలర్లు. డబ్బాలో కూలరు, రబ్బరు పైపు, క్లిప్పులు, వాటితో పాటు పొడవాటి ప్లాస్టిక్ టైలు నాలుగు వచ్చాయి. ఆ టైలని రేడియేటర్ రేకుల మధ్య నుంచి సూదిలా గుచ్చి కూలర్‌ని కట్టేయమని కాగితంలో ఉంది. అరగంట పని. నాకు బాగానే అనిపించింది. పెద్దాయన ఆ టైలు తీసి చెత్తబుట్టలో వేశారు. "బండి అదురుతుంది. ఆ అదురుకి ఇది అటూ ఇటూ రాసుకుంటుంది. రెండేళ్లకి రేడియేటర్‌కి చిల్లు." అల్యూమినియం పట్టీ కోసి, వంచి, బెజ్జాలు వేసి, బండి చట్రానికే బోల్టు చేశాం. దానికే మధ్యాహ్నం అయిపోయింది. కండెన్సర్‌కీ కూలర్‌కీ మధ్య వేలు దూరేంత సందు వదిలాం.

తర్వాత అసలు చిక్కు. రెండు పైపుల్లో వేడి ఆయిల్ తెచ్చేది ఏది, చల్లారి తిరిగెళ్లేది ఏది? చూస్తే రెండూ కవలలే. రేడియేటర్ దగ్గర ఒక పైపు విప్పి, దాని నోట్లో రబ్బరు గొట్టం పెట్టి బకెట్లోకి వదిలి, ఇంజను మూడంటే మూడు సెకన్లు వేశాం. బుస్సుమని వస్తే అది ఇటు వైపు, రాకపోతే అటు. నేను సెకన్లు లెక్కపెట్టడంలో కొంచెం ఉదారంగా ఉన్నాను. అర లీటరు ఎర్ర ఆయిల్ మా డ్రైవ్‌వే పాలైంది. పిల్లుల కోసం అమ్మే మట్టి బస్తా తెచ్చి దాని మీద చల్లాం, పీల్చేసింది. మరక మాత్రం ఇప్పటికీ ఉంది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ మా ఆవిడ దాన్ని చూపిస్తుంది.

ఏది ఏదో ఎందుకు తెలియాలంటే, ఆయిల్ ముందు రేడియేటర్‌లోకి వెళ్లి, ఆ తర్వాత కొత్త కూలర్‌లోకి వచ్చి, అక్కడి నుంచి గేరుబాక్సుకి పోవాలి. తిరగేశామనుకోండి, కొత్త కూలర్‌లో చల్లారిన ఆయిల్ మళ్లీ ఆ వేడి గిన్నెలోకి వెళ్తుంది. చల్లార్చిన కాఫీని మళ్లీ పొయ్యి మీద పెట్టుకున్నట్టే. అసలు రేడియేటర్‌ని పూర్తిగా తప్పించేసి, కొత్త కూలర్ ఒక్కటే పెట్టుకోవాలనే వాళ్లూ ఉన్నారు. వాళ్ల భయానికీ అర్థముంది. రేడియేటర్‌లోని ఆ చిన్న గొట్టం తుప్పుపట్టి చిల్లుపడితే కూలెంటూ ఆయిలూ కలిసిపోతాయి. డిప్‌స్టిక్ లాగితే రోజ్‌మిల్క్ కనిపిస్తుంది! అది కనిపించిన గేరుబాక్సు దాదాపు పోయినట్టే, ఎందుకంటే లోపలి ప్లేట్ల పూతకి నీళ్లు పడవు. అయినా నేను రేడియేటర్‌ని ఉంచాను. ట్రాఫిక్‌లో నిలబడిపోతే గాలి ఆడదు, అప్పుడు నీళ్ల గిన్నే దిక్కు. చలికాలంలో చిక్కటి ఆయిల్‌ని త్వరగా వెచ్చబరిచేదీ అదే. మరీ చల్లటి ఆయిల్ కూడా గేరుబాక్సుకి మంచిది కాదు, చలి దేశాల్లో అయితే ఆయిల్ వేడెక్కేదాకా దారి మళ్లించే థర్మోస్టాట్ ఉన్న కూలర్ పెట్టుకోవాలి. నా రేడియేటర్ కొత్తది. పాత గేరుబాక్సు చెత్తంతా ఆ గొట్టంలో ఇరుక్కుని ఉంటుందని బార్‌స్టో మెకానిక్ అప్పుడే మార్పించాడు. పాతది అలాగే ఉంచి ఉంటే ఆ నలుసులన్నీ కొత్త గేరుబాక్సులోకి పోయేవి.

తిరిగెళ్లే ఇనప పైపుని కోసి రబ్బరు పైపు తొడగాలి. కోసిన అంచుకి నేరుగా తొడిగి క్లిప్పు బిగిస్తే చాలు కదా అన్నాను. పెద్దాయన నా వైపు చూసిన చూపు మా నాన్న చూపే. పైపు చివరని ఒక పనిముట్టుతో ఉబ్బెత్తుగా చేశారు. క్లిప్పు ఆ ఉబ్బుకి ఇవతల పడుతుంది కాబట్టి, ఒత్తిడికి పైపు జారి ఊడదు. హైవే మీద అది ఊడితే గేరుబాక్సులో ఉన్న ఆయిలంతా నిమిషాల్లో రోడ్డు పాలు. రబ్బరు పైపు కూడా ఈ ఆయిల్ కోసం చేసినదే వాడాలి. ఇంట్లో ఉందని పెట్రోలు పైపు ముక్క తగిలిస్తే వేడికి గట్టిబడి పగుళ్లొస్తాయి. ఎక్కడా మడత పడకుండా, ఫ్యాన్ బెల్టుకీ సైలెన్సర్ గొట్టానికీ తగలకుండా, పదునైన రేకు పక్క నుంచి పోయేచోట ఇంకో పైపు ముక్క తొడుగు వేసి తిప్పాం.

ఆయిల్ పోసి, ఇంజను నడుస్తుండగా, గేరు పార్కులో ఉండగా, వేడెక్కాక డిప్‌స్టిక్ చూశాం. మా బండికి పద్ధతి అది. కొన్నిటికి వేరు, కొన్నిటికి అసలు డిప్‌స్టిక్కే ఉండదు, కాబట్టి మీ మాన్యువల్ చూసుకోండి. కొత్త కూలరూ పైపులూ కలిపి కొంత ఆయిల్ తాగాయి, అంత మళ్లీ పోశాం. రాత్రికి బండి కింద కాగితం పరిచాను. అమ్మ పంపిన ఆవకాయ సీసాకి చుట్టిన తెలుగు పేపరు. పొద్దున్నే చూస్తే సినిమా పేజీ మీద, హీరోగారి నుదుటన సరిగ్గా ఒక ఎర్ర చుక్క. క్లిప్పు ఇంకో చుట్టు బిగించాం. రెండో రాత్రి బొట్టు పడలేదు.

తర్వాతి ఆదివారం అదే కనుమ, అవే ఇసక బస్తాలు, ఇంచుమించు అదే చలి. ముల్లు 190 దగ్గర ఎక్కువసేపు ఉండి, పైన 196 కి చేరి ఆగింది. పెద్దాయన చీటీ తీసి 228 పక్కన 196 రాసి, కింద గీత గీసి నాకిచ్చారు. అది ఇప్పటికీ గ్లవ్‌బాక్సులో ఉంది. కూలర్ పెట్టానని బండి మోయగలిగే బరువు పెరగలేదు, అది మాత్రం గుర్తుంచుకోవాలి. బ్రేకులు అవే, చట్రం అదే.

ఇక్కడ హైదరాబాదు, విశాఖ పాఠకులకి ఒక ముక్క. మన దగ్గర ఇప్పుడు "ఆటోమేటిక్" అని అమ్మేవన్నీ ఒక జాతి కావు. చిన్న కార్లలో చాలావాటికి ఉండే ఏఎంటీలో లోపల మామూలు గేరుబాక్సు, మామూలు క్లచ్ ప్లేటే. కాలికి బదులు మోటారు నొక్కుతుంది. వాటికి ఈ కూలర్ గొడవ లేదు. టార్క్ కన్వర్టర్ ఉన్న పెద్ద బండ్ల వాళ్లు మాత్రం మాన్యువల్‌లో "కఠిన వాడకం" అన్న పేజీ ఒకసారి తిప్పండి. చాలా కంపెనీలు బరువు లాగడం, కొండలు ఎక్కడంతో పాటు ఎండలో ఆగి ఆగి పోయే ట్రాఫిక్‌ని కూడా అందులోనే రాస్తాయి. ఆయిల్ మార్చే గడువు వాళ్లకి తగ్గుతుంది. పంజాగుట్ట సాయంత్రం కఠిన వాడకం కాకపోతే ఇంకేది?

మరుసటి సంక్రాంతికి బెజవాడ వెళ్లాం. బార్‌స్టో మెకానిక్ నా పాత గేరుబాక్సులోంచి ఒక క్లచ్ ప్లేటు తీసి ఇచ్చాడు. జానెడు వెడల్పు ఉక్కు చక్రం, మీద ఉండాల్సిన పూత సగం లేదు, మిగిలిన సగం బొగ్గు. దాన్ని పెట్టెలో అరిసెల డబ్బా అంత జాగ్రత్తగా తీసుకెళ్లాను. వసారాలో నాన్న చేతిలో పెట్టాను. ఖాళీ స్థలం అలాగే ఉంది ఇంటి ముందు, లారీ నిలబడ్డంత మేర గడ్డి మొలవలేదు. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఏరా, ఏ గేరులో ఎక్కావు?"

"టాప్‌లో, నాన్నా."

ఇంకేం అనలేదు. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులో దిగాలిరా అని నా చిన్నప్పుడు శ్రీశైలం ఘాట్‌లో చెప్పిన మనిషి. లేచి, గుమ్మం పక్కన లారీ తాళంచెవి ఉండే మేకుకి ఆ ప్లేటు తగిలించారు. తర్వాత కూలర్ గురించి అడిగారు. ఎలా పెట్టాం, పైపు ఎటు నుంచి ఎటు, ఏం ఖరీదు. 90 డాలర్లన్నాను. మన డబ్బుల్లో ఎంతన్నారు. ఏడున్నర వేలు అవుతుందన్నాను. తల ఊపారు.

"మరి గేరుబాక్సుకి ఎంతయింది?"

అమ్మ పిలుస్తోందని లోపలికి వెళ్లిపోయాను.